కథకు టి.సి. ఉందా?

పిల్లలూ,

పోయిన డిసెంబరులో మన విద్యాలయం నుంచి మైత్రీబాగ్‌కు విహారయాత్ర పెట్టుకున్నప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన పేరు ఇవ్వలేదు. ఆ అమ్మాయి భిలాయి వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది. వాళ్ల నాన్నగారిది సి.ఐ.ఎస్.ఎఫ్.లో ఉద్యోగం. విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చారు. ఇంట్లో వద్దన్నారా అంటే లేదంది. ఒంట్లో బాగాలేదా అంటే అదీ కాదంది. రెండు రోజులు అడిగిన తర్వాత, తెలుగు పీరియడ్ అయిపోయి అందరూ వెళ్లాక, బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"మేడమ్, అక్కడ బొమ్మరైలు ఉంది కదా. సాయంత్రం ఆఖరి ట్రిప్పులో ఒకరు ఎక్కువ ఉంటారట. ఎక్కేటప్పుడు లెక్కపెడితే ఇరవై మంది, దిగేటప్పుడు ఇరవై ఒకరట. ఆ ఇరవై ఒకటో మనిషి కొత్తగా వచ్చినవాళ్ల పక్కనే కూర్చుంటాడట."

"ఎవరు చెప్పారమ్మా?"

"మా క్లాసువాళ్లే మేడమ్. వాళ్ల అక్క ఫ్రెండువాళ్ల తమ్ముడు చూశాడట."

మేం నవ్వలేదు. భయపడేవాళ్ల ముందు నవ్వితే భయం పోదు, మనతో చెప్పుకోవడం మాత్రం మానేస్తారు. పైగా ఆ కథ మాకు కొత్త కాదు. అస్సాంలో పనిచేసినప్పుడు ఇదే కథ విన్నాం. అక్కడ బొమ్మరైలు బదులు జాతరలో తిరిగే జయింట్ వీల్ ఉండేది. రాజస్థాన్‌లో విన్నప్పుడు అది చెరువులో తిరిగే పడవ. మనిషి మాత్రం అదే మనిషి, లెక్కలో ఒకటి ఎక్కువ. పన్నెండేళ్లలో ఐదు ఊళ్లు మారిన మాకు అప్పుడు ఒక సంగతి అర్థమైంది. మనకే కాదు, కథలకూ బదిలీలు ఉంటాయి.

ఈ వ్యాసం అలాంటి బదిలీ కథల గురించే. ముఖ్యంగా పార్కుల గురించి, ఆటల ఊళ్ల గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథలు ఎక్కడ పుడతాయి, ఎలా పెరుగుతాయి, వాటిలో నిజమెంత, ఎప్పుడు అవి సరదా దాటి ప్రమాదం అవుతాయి అన్నది చూద్దాం.

పాత పురాణం, కొత్త వేషం

మన అమ్మమ్మలు చింతచెట్టు దయ్యం కథ చెప్పేవాళ్లు. ఊరవతల పాడుబడిన బావి కథ చెప్పేవాళ్లు. ఊళ్లు పట్నాలయ్యాయి, చింతచెట్లు పోయాయి, కానీ కథ చెప్పే అలవాటు పోలేదు. చెట్టు మీది దయ్యం లిఫ్టులోకి, హోటల్ గదిలోకి, రోలర్ కోస్టర్ మీదికి మారింది. ఇలాంటి నేటి కట్టుకథలను అమెరికాలో జాన్ హెరాల్డ్ బ్రున్‌వాండ్ అనే జానపద విజ్ఞాన పరిశోధకుడు ఏళ్ల తరబడి సేకరించాడు. 1981లో ఆయన వేసిన పుస్తకంతో 'పట్టణ కట్టుకథ' అన్న మాట మామూలు జనానికి కూడా బాగా తెలిసింది.

ఈ కథలకు ఒక గుర్తు ఉంది. చెప్పేవాడు ఎప్పుడూ స్వయంగా చూసి ఉండడు. అతని స్నేహితుడి స్నేహితుడు చూసి ఉంటాడు. మన ఇళ్లలో అయితే "మా అత్తయ్యవాళ్ల పక్కింటావిడ తమ్ముడు". అతని దగ్గరికి వెళ్లి అడిగితే "నేను కాదు, నాకు ఇంకొకాయన చెప్పాడు" అంటాడు. ఎంత దూరం వెళ్లినా చూసినవాడు ఇంకొక ఇల్లు అవతలే ఉంటాడు.

మంచులో దాచిన మనిషి

లోకంలో పేరుమోసిన ఆటల ఊరు డిస్నీలాండ్. వాల్ట్ డిస్నీ దాన్ని అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జులై 17న తెరిచాడు. దాని గురించి చెప్పుకునే కథల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది ఇది. డిస్నీ చనిపోయాక శరీరాన్ని గడ్డకట్టించి దాచిపెట్టారట. వైద్యం పెరిగాక మళ్లీ బతికిస్తారట. ఆ పెట్టె డిస్నీలాండ్‌లో 'కరీబియన్ సముద్రపు దొంగలు' అనే పడవ విహారం కింద ఉందట.

నిజం ఏమిటి? డిస్నీ 1966 డిసెంబరు 15న ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల చనిపోయాడు. రెండు రోజులకే దహనం చేశారు. అస్థికలు కాలిఫోర్నియాలోనే గ్లెండేల్ అనే చోట శ్మశానవాటికలో ఉన్నాయి.

మరి ఈ కథ ఎలా పుట్టింది? తేదీలు వరుసగా పెట్టి చూడండి. 1967 జనవరి 12న, అంటే డిస్నీ పోయిన నెల తిరగకుండానే, అదే కాలిఫోర్నియాలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే ఆచార్యుడి శరీరాన్ని ఆయన కోరిక ప్రకారం నిజంగానే గడ్డకట్టించి దాచారు. అలా దాచిన మొదటి మనిషి ఆయనే. అదే ఏడాది మార్చిలో డిస్నీలాండ్‌లో సముద్రపు దొంగల పడవ విహారం మొదలైంది. ఒక పెద్దమనిషి మరణం, ఒక వింత వార్త, ఒక కొత్త చీకటి గుహ. మూడూ నాలుగు నెలల్లో జరిగాయి. జనం మనసులో మూడూ కలిసి ఒకే కథ అయ్యాయి.

ఇక్కడ ఎవరూ కావాలని అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. మూడు నిజాలను తప్పుగా కలిపి కుట్టినా ఒక అబద్ధం తయారవుతుంది. పరీక్షలో మీరు ఒక రాజు పేరు, ఇంకో రాజు యుద్ధం, మూడో రాజు తేదీ కలిపి రాస్తారు చూడండి, అలాగన్నమాట.

అబద్ధంలా వినిపించే నిజాలు

అయితే విన్న ప్రతి వింతనూ "ఉట్టిదే" అని కొట్టిపారేయడం కూడా తెలివి కాదు. కొన్ని నిజమే అవుతాయి.

అమెరికాలోనే ఫ్లోరిడాలో 1971 అక్టోబరు 1న వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచారు. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు కింద రహస్య సొరంగాలు ఉన్నాయని చెబుతారు. ఉన్నాయి. వేషాలు వేసుకున్న ఉద్యోగులు, చెత్త, సరుకులు సందర్శకుల కంటపడకుండా వాటిలోంచి వెళతాయి. ఇంకా వింత ఏమిటంటే, వాటిని నేల తవ్వి కట్టలేదు. అక్కడ కొద్దిగా తవ్వితేనే నీళ్లు ఊరతాయి. అందుకని ఆ దారులను నేల మట్టం మీదే కట్టి, పక్కన సరస్సు కోసం తవ్విన మట్టిని చుట్టూ పోసి, ఆ పైన పార్కు కట్టారు. అంటే నేల మీద నడుస్తున్నాం అనుకునే సందర్శకులు నిజానికి మేడ మీద నడుస్తున్నారు!

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో మాటర్‌హార్న్ అనే కృత్రిమ కొండ ఉంది. దాని లోపల బాస్కెట్‌బాల్ ఆడుకునే చోటు ఉందంటారు. అదీ నిజమే. కొండ ఎక్కే ప్రదర్శన ఇచ్చే ఉద్యోగులు విరామంలో ఆడుకోవడానికి లోపల ఒక బుట్ట బిగించారు. కానీ "ఆటస్థలం అయితేనే అంత ఎత్తు కట్టనిస్తారట, అందుకే బుట్ట పెట్టారట" అనే మాట మాత్రం ఎవరో తగిలించిన తోక.

ఉక్కునగరం పిల్లలు ఈ కొండ గురించి ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఉక్కు గొట్టాల పట్టాల మీద పరుగెత్తిన మొదటి రోలర్ కోస్టర్ ఇదే. అంతకు ముందు కొయ్య పట్టాలే ఎక్కువ. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు కాబట్టి తర్వాతి కాలంలో ఈ బండ్లు మెలికలు తిరగడం, తలకిందులు కావడం సాధ్యమైంది. ఆ కొండ తెరిచింది 1959లో. మన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది కూడా 1959లోనే, ఫిబ్రవరి 4న.

ఫ్లోరిడాలోని సిండ్రెల్లా కోట గురించి కూడా ఒక కథ ఉంది. తుపాను వస్తే దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి దాచేస్తారట. అది అబద్ధం. ఉక్కు చట్రం, కాంక్రీటు కలిసిన 189 అడుగుల కట్టడాన్ని గుడారంలా విప్పడం కుదరదు. చూడ్డానికి రాతికోటలా ఉన్నా అందులో రాళ్లు, ఇటుకలు లేవు. కిటికీలను, రాళ్ల గీతలను పైకి పోయేకొద్దీ చిన్నవిగా చేశారు. దాంతో కోట ఉన్నదానికన్నా ఎత్తుగా కనబడుతుంది. అంటే అక్కడ కన్ను మోసపోయేది నిజమే. చెవి మోసపోకుండా చూసుకోవాలి.

మన హైదరాబాదు దయ్యాలు

దూరం వెళ్లనక్కర్లేదు. మీలో చాలామంది వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లినప్పుడు రామోజీ ఫిల్మ్ సిటీ చూసే ఉంటారు. 1996లో ఏర్పడింది. 1,666 ఎకరాల ఆవరణ. ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. దాని మీదా దయ్యాల కథ ఉంది. "ఆ స్థలం నిజాం సుల్తానుల యుద్ధభూమి. అక్కడ చచ్చిపోయిన సైనికులు ఇంకా తిరుగుతున్నారు. లైట్లు వాటంతటవే పడిపోతాయి. అద్దాల మీద ఉర్దూ అక్షరాలు కనిపిస్తాయి." ఇదీ వరస.

దీన్ని చరిత్ర పీరియడ్‌లో కూర్చోబెట్టి ప్రశ్నలు వేద్దాం. 'నిజాం సుల్తానులు' ఎవరు? గోల్కొండను ఏలిన సుల్తానులు కుతుబ్‌షాహీలు. వారి కాలం 1518 నుంచి 1687 వరకు. నిజాములు అసఫ్‌జాహీ వంశంవారు. వారి కాలం 1724 నుంచి 1948 వరకు. రెండు వంశాలను కలిపేసి 'నిజాం సుల్తాన్' అంటున్నారంటే ఆ కథ కట్టినవారు ఏడో తరగతి చరిత్ర పాఠం శ్రద్ధగా వినలేదన్నమాట. ఏ యుద్ధం? ఏ సంవత్సరం? ఎవరితో ఎవరు పోరాడారు? కథ దగ్గర జవాబు ఉండదు. నిజంగా జరిగిన యుద్ధానికి పేరుంటుంది, తేదీ ఉంటుంది, గెలిచినవాడూ ఓడినవాడూ ఉంటారు.

మరి అక్కడే ఈ కథ ఎందుకు పుట్టింది? సినిమా సెట్టు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ముందు మేడ ఉంటుంది, వెనక్కి వెళితే కర్రలు, ఇనుప చట్రాలు తప్ప ఇల్లు ఉండదు. ఎవరూ ప్రయాణం చేయని రైల్వే స్టేషను ఉంటుంది. రోగులు లేని ఆసుపత్రి ఉంటుంది. పగలు జనంతో కిటకిటలాడే చోటు రాత్రి షూటింగ్ లేకపోతే బోసిగా ఉంటుంది. అలాంటి చోట గాలికి తలుపు కొట్టుకున్నా గుండె ఝల్లుమంటుంది. నాటక సమాజాలవాళ్లకు పాత నాటకశాలల మీద ఇలాంటి కథలు ఎన్నో ఉంటాయి. లోకంలో చాలా ఆటల ఊళ్లకు దయ్యం కథ ఉండటానికి కారణం ఇదే. సందడి కోసం కట్టిన చోట నిశ్శబ్దం మనకు వింతగా తోస్తుంది.

సైబీరియా నుంచి రాని తెల్లపులి

ఇప్పుడు మన మైత్రీబాగ్ సంగతి. ఆరో తరగతిలో ఒకసారి "మైత్రీబాగ్‌లో తెల్లపులులు ఎక్కడివి?" అని అడిగితే సగం తరగతి ఒకే జవాబు చెప్పింది. "రష్యావాళ్లు ఇచ్చారు మేడమ్. సైబీరియాలో మంచు కదా, అందుకే తెల్లగా ఉంటాయి."

చూడండి, ఎంత చక్కగా అతికిందో! భిలాయి కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. నిజం. మైత్రీబాగ్‌ను కర్మాగారంవారు 1972లో ఆ రెండు దేశాల స్నేహానికి గుర్తుగా ఏర్పాటు చేశారు. నిజం. సైబీరియాలో పులులు ఉన్నాయి, మంచూ ఉంది. అదీ నిజం. ఇన్ని నిజాలు పక్కపక్కన ఉంటే మధ్యలో ఖాళీని మన బుర్ర తానే పూరించుకుంటుంది. డిస్నీ కథలో జరిగిందే మన తరగతి గదిలోనూ జరిగింది.

అసలు సంగతి ఇది. సైబీరియా పులి తెల్లగా ఉండదు. అది కూడా నారింజ రంగు మీద నల్ల చారలతోనే ఉంటుంది. తెల్లపులి మన దేశపు బెంగాల్ పులే. ఒక జన్యువులో మార్పు వల్ల చర్మంలో పసుపు, ఎరుపు ఛాయలనిచ్చే రంగు తయారుకాదు. నల్ల చారలు మాత్రం మిగులుతాయి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ మార్పు వస్తేనే కూన తెల్లగా పుడుతుంది. మన ఇరుగుపొరుగునే, రేవా అడవుల్లో 1951లో మహారాజా మార్తాండసింగ్ ఒక తెల్ల పులికూనను పట్టించాడు. దానికి మోహన్ అని పేరు పెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచారు. ప్రపంచంలో జంతుప్రదర్శనశాలల్లో ఉన్న తెల్లపులుల్లో చాలా వాటికి మూలపురుషుడు ఆ మోహనే. ఇక మైత్రీబాగ్ తెల్లపులులు వచ్చింది ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి. అక్కడ 1980లో మామూలు రంగున్న తల్లిదండ్రులకు తెల్లకూనలు పుట్టి అందరినీ ఆశ్చర్యపరిచాయి. భిలాయిలో పుట్టిన తెల్లపులులు తర్వాత ఇతర ఊళ్ల జంతుప్రదర్శనశాలలకు కూడా వెళ్లాయి. అంటే మన ఊళ్లో పులులకు కూడా బదిలీలు ఉన్నాయి!

ఇంకొక మాట. "తెల్లపులి అరుదైన రాజజాతి, దాన్ని ఎంత పెంచితే అంత మంచిది" అనే నమ్మకం కూడా ఒక కట్టుకథే. తెల్లరంగు కోసం దగ్గర బంధువులైన పులులనే మళ్లీ మళ్లీ జతకట్టించడం వల్ల చాలా కూనలు మెల్లకన్ను వంటి లోపాలతో పుట్టాయి. తప్పు నమ్మకం వల్ల నష్టపోయేది ఒక్కోసారి నోరులేని జీవం.

ఒక్క 'ట' విలువ

తెలుగు టీచర్లం కాబట్టి ఒక భాషా సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. మన భాషలో ఒక చక్కని సదుపాయం ఉంది. "రైల్లో ఒకడు ఎక్కాడు" అంటే చెప్పేవాడు చూసినట్టు. "రైల్లో ఒకడు ఎక్కాడట" అంటే విన్నట్టు. హిందీలో అయితే 'సునా హై' అని వేరే మాటలు చేర్చాలి. మనకు చివర ఒక్క 'ట' చాలు. ఆ ఒక్క అక్షరంతో "ఇది నా కళ్లతో చూసింది కాదు సుమా" అని ఒప్పుకున్నట్టే.

పుకారు పెరిగేది ఎక్కడో తెలుసా? ఆ 'ట' జారిపోయిన చోట. మొదటివాడు "కనిపించాడట" అంటాడు. రెండోవాడు "కనిపించాడు" అంటాడు. మూడోవాడు "మా అన్న చూశాడు" అంటాడు. నాలుగోవాడు అందరి ముందు గొప్ప కోసం "నేనే చూశాను" అంటాడు. ఒక్కొక్కరు చేసింది చిన్న మార్పే. నలుగురూ కలిసి ఒక దయ్యాన్ని నిలబెట్టారు.

ఈసారి ఎవరైనా వింత చెబితే వాక్యం చివర వినండి. 'ట' ఉందా? ఉంటే చెప్పేవాడు నిజాయితీపరుడే, కానీ అతను సాక్షి కాదు. లేకపోతే "నువ్వే చూశావా?" అని అడగండి. చాలాసార్లు 'ట' తిరిగి వచ్చేస్తుంది.

బూట్లు మార్చని దొంగలు

ఇంతవరకు చెప్పినవి సరదా కథలు. ఇప్పుడు చెప్పేది కాదు.

అమెరికాలో తల్లిదండ్రులను చాలా ఏళ్లు భయపెట్టిన కథ ఒకటి ఉంది. ఆటల ఊళ్లో ఒక పాప తప్పిపోతుంది. ద్వారాలన్నీ మూసేస్తారు. బయటికి పోయే ప్రతి బిడ్డనూ తల్లి చూస్తూ ఉంటుంది. చివరికి జుట్టు కత్తిరించి, బట్టలు మార్చి, ఎత్తుకుపోతున్న తన పాపను బూట్లను బట్టి గుర్తుపడుతుంది. దొంగలు బూట్లు మార్చడం మరిచిపోయారట. ఈ కథను ఒక్కో ఊళ్లో ఒక్కో పార్కు పేరుతో, ఒక్కో దుకాణం పేరుతో చెప్పారు. కథను సేకరించినవారికి దొరికింది కథే. ఆ పాప ఏ ఊళ్లోనూ దొరకలేదు.

ఇదే భయం 2018లో మన దేశంలో ఫోన్లలో తిరిగింది. మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో లక్షల మంది చూశారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ పిల్లవాణ్ణి తిరిగి దింపి, జాగ్రత్తగా ఉండమని చెప్పే అట్ట చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మిగిలిన ముక్క చూసి చాలా రాష్ట్రాల్లో జనం భయపడ్డారు. కొత్తగా కనిపించినవాళ్ల మీద గుంపులుగా పడ్డారు. మహారాష్ట్రలోని ధులే జిల్లాలో ఒక్కరోజే ఐదుగురు అమాయకులు చనిపోయారు. వాళ్లు చేసిన నేరం ఆ ఊరికి కొత్తవాళ్లు కావడమే.

మరోసారి చదవండి. కొత్తవాళ్లు కావడమే. మూడేళ్లకోసారి ఊరు మారే మనలాంటి కుటుంబాలకు ఈ మాట బరువు తెలియాలి.

అదే సంవత్సరం తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో కూడా తెలుసుకోండి. ఎండాకాలంలో కూడా జనం ఆరుబయట పడుకోవడం మానేశారని ఊళ్లు తిరిగే పోలీసులు గమనించారు. కారణం అడిగితే ఫోన్లలో వచ్చిన సందేశాలు చూపించారు. అప్పటి జిల్లా ఎస్.పి. రెమా రాజేశ్వరి తన సిబ్బందిని ఊరూరా పంపారు. జానపద కళాకారులతో పాటలు పాడించి, డప్పు కొట్టించి, వచ్చిన ప్రతి సందేశాన్నీ నమ్మవద్దని చెప్పించారు. సుమారు 400 గ్రామాల్లో ఈ పని సాగింది. ఆ గ్రామాల్లో పుకార్ల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ జులైలోనే వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో మేం వేరే ఊళ్లో ఉన్నాం. సాయంత్రం బడి గేటు బయట బుడగలు అమ్ముకునే ముసలాయన ఒకడు ఉండేవాడు. "బుడగలవాడి వేషంలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, జాగ్రత్త" అని ఒక సందేశం వచ్చింది. పిల్లల మంచికే కదా అనుకుని తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాం. అందులో ఏ ఊరో, ఏ తేదీయో లేదు. మేం చూసుకోలేదు. మర్నాడు గేటు దగ్గర పది మంది అతని చుట్టూ మూగారు. ఎవరో అతని బుడగలు పగలగొట్టారు. ఇంకొకాయన అడ్డుపడి అతని ఆధార్ కార్డు చూపించమన్నాడు. వణికే చేతులతో చూపించాడు. అతని ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. దెబ్బలు తగల్లేదు కానీ ఆ తర్వాత అతను మా గేటు దగ్గరికి రాలేదు. గ్రూపులో క్షమాపణ రాశాం. అది అతనికి చేరలేదు. అతని దగ్గర అలాంటి ఫోనే లేదు.

అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

కథను టి.సి. అడగండి

మీరు కొత్త బడిలో చేరేటప్పుడు ఆఫీసులో మొదట అడిగేది టి.సి.  మరి ఎక్కడినుంచో వచ్చిన కథను ఏ కాగితమూ అడగకుండా మన బుర్రలో ఎందుకు కూర్చోబెట్టాలి? టి.సి.లో ఉండే గళ్లనే కథకూ వాడదాం.

1. పుట్టిన తేదీ, ఊరు: ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగింది? "ఈమధ్య", "ఒక ఊళ్లో" అనేవి జవాబులు కావు.

2. తల్లిదండ్రుల పేర్లు: కళ్లారా చూసినవారు ఎవరు? వారితో మనం మాట్లాడగలమా?

3. ఇంతకు ముందు చదివిన బడి: ఇదే కథ వేరే ఊరి పేరుతో, వేరే పార్కు పేరుతో తిరిగిందా? పెద్దవాళ్లను అడగండి. ఇతర ఊళ్ల నుంచి వచ్చిన మీ తరగతివాళ్లనే అడగండి. ఈ పనికి మనలాంటి బడిని మించింది లేదు. ఒక్క తరగతిలో పది రాష్ట్రాల కథలు దొరుకుతాయి.

4. బడి వదలడానికి కారణం: ఈ కథ నా దగ్గరికి ఎందుకు వచ్చింది? నన్ను నవ్వించడానికా, భయపెట్టడానికా, ఎవరి మీదనైనా కోపం తెప్పించడానికా?

5. బకాయిలు: ఇది అబద్ధమైతే, నేను ఇంకొకరికి చెబితే, దాని బాకీ ఎవరు తీర్చాలి? ఎవరికైనా దెబ్బ తగిలే కథ అయితే అక్కడే ఆపేయండి.

దయ్యం కథలు అసలు చెప్పుకోవద్దని మేం అనడం లేదు. కరెంటు పోయిన రాత్రి క్వార్టర్ మెట్ల మీద కూర్చుని చెప్పుకునే కథల రుచి మాకూ తెలుసు. చెప్పండి, కానీ 'ట' పెట్టి చెప్పండి. భయపడేవాళ్లు పక్కన ఉంటే నవ్వుతూ ముగించండి.

ఇంతకీ ఆ రైలు

బొమ్మరైలు కథ చెప్పిన అబ్బాయిని పిలిచి అడిగాం. తిడతామేమో అనుకున్నాడు. వాడు కూడా కిందటి సంవత్సరమే బొకారో నుంచి వచ్చాడట. వాడు కొత్తగా వచ్చినప్పుడు వాడికీ ఎవరో ఇదే కథ చెప్పారు. వాడు వారం రోజులు నిద్రపోలేదు. "మరి నువ్వెందుకు చెప్పావురా?" అంటే తల దించుకుని, "నేను పాతవాణ్ణి అయిపోయానని, మేడమ్" అన్నాడు. ఆ జవాబుకు ఏమనాలో మాకు వెంటనే తోచలేదు.

విహారయాత్రకు ఇద్దరూ వచ్చారు. సాయంత్రం రైలు ఎక్కేటప్పుడు లెక్కపెట్టే పని వాళ్లిద్దరికే అప్పగించాం. మా పెట్టెలో ఎక్కేటప్పుడు ఇరవై రెండు. ఒక చుట్టు తిరిగి దిగేటప్పుడు లెక్కపెడితే ఇరవై మూడు! ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. మళ్లీ ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెట్టమన్నాం. చివరి బెంచీలో కూర్చున్న ఒక తల్లి శాలువాలోంచి ఏడాది పాప తల బయటపెట్టి చూస్తోంది. ఎక్కేటప్పుడు నిద్రపోతోంది, దిగేటప్పుడు లేచింది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "మేడమ్, ఇరవై మూడో మనిషి దొరికింది!" అంది. ఆ అబ్బాయి ఆ పాపకు తన బిస్కట్ పాకెట్ ఇచ్చేశాడు.

మీరు చేయవలసిన పని: మీరు ఇంతవరకు ఉన్న ఊళ్లలో పార్కుల గురించి, జాతరల గురించి, క్వార్టర్ల గురించి విన్న ఒక వింత కథను 'ట' విడవకుండా పది వాక్యాల్లో రాయండి. కింద దాని టి.సి. నింపండి. ఖాళీగా మిగిలిన గళ్లను ఖాళీగానే వదిలేయండి. తెలుగు గది గోడ మీద అంటిద్దాం. ఒకే కథ ఎన్ని ఊళ్లు తిరిగిందో అందరం కలిసి చూద్దాం.